తెర ముందు కూర్చోబోతున్న మేనకోడలికి

చిన్నీ,

నీకు డ్రోన్ వీడియో చూసే డ్యూటీ పడిందని మీ అమ్మ చెప్పినప్పటి నుంచీ ఈ ఉత్తరం రాయాలనుకుంటున్నా. మా రోజుల్లో కింద నుంచి వెలుగొచ్చే లైట్ టేబుల్ మీద, విమానం నుంచి తీసిన ఫిల్మ్ పరిచి, భూతద్దం పెట్టి చూసేవాళ్లం. ఇప్పుడు మీకు కదిలే బొమ్మే వస్తోంది, అయినా పొరబడే తీరు మాత్రం ఏమీ మారలేదు.

2010 ఫిబ్రవరి 21న అఫ్ఘానిస్థాన్‌లోని ఉరుజ్‌గాన్‌లో ఏం జరిగిందో చదువు. తెల్లవారుజామున మూడు బండ్లు పోతున్నాయి, డ్రోన్ నడిపేవాళ్లు అమెరికాలో నెవాడాలో ఉన్నారు, వీడియో చూసి చెప్పేవాళ్లు ఫ్లోరిడాలో, సాయం కావాల్సిన అమెరికా దళం అక్కడ కొండల్లో. పిల్లలు కనిపిస్తున్నారని ఫ్లోరిడావాళ్లు రాశారు. నెవాడావాళ్లకు ఆ మాట రుచించలేదు. చేతులు మారేసరికి పిల్లలు కాస్తా కుర్రాళ్లయ్యారు, ఆ వయసువాడు తుపాకీ పట్టలేడా అన్నారు. హెలికాప్టర్లు కాల్చేశాయి. ఊరి పెద్దల లెక్కలో 23 మంది పోయారు, వాళ్లలో ఇద్దరు 3, 4 ఏళ్ల పసివాళ్లు.

నువ్వు రాసిన మాట నీ కళ్లముందే మారిపోతుంటే ఊరుకోకు తల్లీ. మళ్లీ టైప్ చెయ్, అప్పటికీ వినకపోతే ఫోన్ ఎత్తి, అవతల ఎంత పెద్ద ర్యాంకు ఉన్నా సరే, "సార్, నేను చూసింది పిల్లల్ని" అని చెప్పు. అది ధిక్కారం కాదు, నీ డ్యూటీయే అది.

ఒక సైనిక ఎక్సర్‌సైజ్‌లో నేనూ "వల కింద దాచిన బండ్లు" అని రాసిచ్చాను, మా ఆఫీసర్ వాటికోసమే వెతుకుతున్నాడని నాకు ముందే తెలుసు. తీరా చూస్తే గడ్డివాములు. అప్పటినుంచి కాగితం మధ్యలో గీత కొట్టి, చూసింది ఒక పక్క, అనుకున్నది ఒక పక్క రాసేవాణ్ణి. ఆ గీత లేకపోతే ఏమవుతుందో చూడు: 2021 ఆగస్టు 29న కాబూల్‌లో అమెరికా డ్రోన్‌వాళ్లు ఒక తెల్ల కరోలా కారును దాదాపు ఎనిమిది గంటలు వెంబడించి చూశారు, అందులోకి ఎక్కించిన నీళ్ల డబ్బాలు వాళ్లకు పేలుడు సామాను అనిపించాయి. కారును పేల్చేశారు. 10 మంది పోయారు, 7గురు పిల్లలే.

షిఫ్ట్‌కు ముందు కింద ఉన్న దళంవాళ్లతో రెండు నిమిషాలైనా మాట్లాడు. గొంతు తెలిసినవాడికి "కాదు" అని చెప్పడం తేలిక. రాత్రి డ్యూటీ చివరి గంటల్లో కన్ను చూస్తుంది గానీ బుర్రకెక్కదు, మొహమాటపడకుండా పక్కవాళ్లను కూడా ఒకసారి చూడమను.

డ్యూటీ దిగాక నిద్ర పట్టకపోతే ఫోన్ చెయ్. ఏం చూశావో చెప్పక్కర్లేదు, నేనూ అడగను. నాలుగింటికల్లా లేచే ఉంటా.

మీ మామయ్య