సంతకం పెట్టే ముందు టేపు పట్టుకొని ఒకసారి వీధిలోకి రండి

మీ ప్రశ్న చదివి ముందు నవ్వొచ్చింది, తర్వాత కొంచెం సిగ్గేసింది. "మా వీధిలో తోపుడు బండ్లవాళ్లు, పూలవాళ్లు రోడ్డంతా ఆక్రమించేశారు, ట్రాఫిక్ కదలడం లేదు. వాళ్లని ఖాళీ చేయించి రోడ్డు వెడల్పు చేయమని అర్జీ పెడుతున్నారు. నేనూ సంతకం చేయనా?" అని అడిగారు. అచ్చం ఇలాంటి అర్జీ మీదే 2019లో నేను సంతకం పెట్టాను. పైనుంచి మూడో పేరు నాదే.

మాది తిరుపతిలో తిలక్ రోడ్డు నుంచి లోపలికొచ్చే ఒక సందులో టైలరింగ్ షాపు. జాకెట్లు కుడతాం, చీరలకు ఫాల్ వేస్తాం. మూడు మిషన్లు, నేను, ఇద్దరు అమ్మాయిలు. అప్పట్లో షాపు ఎదురుగా కూరగాయల బండ్లు రెండు, అరటిపండ్ల బండి ఒకటి ఉండేవి. గోడవారగా గోనెపట్టా పరుచుకొని ఒక పూలక్క కూర్చునేది. వాళ్ల వల్ల మా బోర్డు కనిపించడం లేదని, కస్టమర్లు స్కూటీ ఆపుకోవడానికి జాగా లేదని మా వీధి షాపులవాళ్లందరికీ ఒకటే గోల. అర్జీ రాసింది పక్క ఫ్యాన్సీ షాపాయన. చదవకుండానే సంతకం పెట్టాను, అబద్ధమెందుకు.

కొన్ని వారాలకు ఒక పొద్దున లారీ వచ్చింది, బండ్లు పోయాయి. మూడు రోజులు వీధి ఎంత వెడల్పుగా కనిపించిందో! నాలుగో రోజు అరటిపండ్ల బండి ఉండేచోట ఒక బుల్లెట్ నిలబడింది. పది రోజులు తిరిగేసరికి గోడ పొడవునా బైకులే. ఆ నెలాఖరుకు ఎవరిదో తెల్ల కారు వచ్చి ఆగింది. దాని మీద వేపాకులు రాలాయి, ఆకుల మీద దుమ్ము పేరుకుంది, ఆ దుమ్ములో పిల్లలు పేర్లు రాసుకున్నారు, కారు మాత్రం కదల్లేదు. తోపుడు బండ్లు రాత్రి తొమ్మిదికల్లా వెళ్లిపోయేవి. ఇదేమో ఇరవై నాలుగు గంటలూ అక్కడే. పండ్ల బండాయన ఆ జాగాకి రోజూ ఆశీలు కట్టేవాడు. కారుకు అదీ లేదు.

ఇంకో దెబ్బ నాకు ఆలస్యంగా తగిలింది. ఆర్డర్ పుస్తకం తిరగేస్తే పేజీలు తగ్గాయి. అప్పుడు అర్థమైంది. ఆడవాళ్లు నా షాపు కోసమని ఇంట్లోంచి బయలుదేరి వచ్చేవాళ్లు కాదు. కూరగాయలకు వచ్చి, వంకాయలు తూకం వేస్తుండగా సంచిలోంచి జాకెట్టు గుడ్డ తీసి "పాతదే కొలత, చేతులు మాత్రం కాస్త లూజు పెట్టు" అని ఇచ్చి పోయేవాళ్లు. బండ్లు లేకపోయేసరికి ఆ నడక ఆగిపోయింది. నా సంగతి చూడండి, ఒక్క కొత్తిమీర కట్ట కోసం స్కూటీ తీసి మార్కెట్‌కి వెళ్లడం మొదలుపెట్టాను. మా సందులో ముప్పై ఇళ్లకు తక్కువ ఉండవు. ముప్పై ఇళ్లవాళ్లూ నాలాగే స్కూటీ తీస్తే ఆ ట్రాఫిక్ ఎవరి ఖాతాలో వేయాలి?

తర్వాత ఒకసారి పూలక్క గుడి దగ్గర కనిపించింది. మల్లెపూలు రెండు మూరలు అడిగాను. మోచేతి నుంచి వేలి కొస వరకు కొలుస్తూ, తల ఎత్తకుండానే, "ఏం మే, ఆ కాగితంలో నీ సంతకం కూడా ఉండాదంట గదా" అంది. ఏం చెప్పాలో తోచలేదు. ఆ రోజు ఇచ్చిన మూర మాత్రం ఎప్పటిలాగే నిండుగా ఉంది.

ఇక నా సొంత ఆక్రమణ సంగతి. బండ్లు పోయిన సంబరంలో షాపు ముందు కాలువ మీద నాలుగడుగుల ర్యాంప్ పోయించాను, స్కూటీ పైకెక్కించుకోవడానికి. కాంక్రీటు పోసిన మేస్త్రి "తీసి వేసుకునే పలకలు పెట్టుకోమ్మా, కాలువలో పూడిక తీయాల్సి వస్తుంది" అన్నాడు. పలకలైతే చక్రాల కింద టకటకమంటాయని వద్దన్నాను. 2021 నవంబరు వాన తిరుపతివాళ్లెవరూ మరిచిపోరు. శేషాచలం కొండల మీంచి దిగిన నీళ్లకు కాలువలో దారి దొరక్క వీధులే కాలువలయ్యాయి. మా సందులో నా ర్యాంప్ కింద, పక్కాయన మెట్ల కింద మట్టి గట్టిపడిపోయి ఉంది. షాపులోకి మోకాలి లోతు నీళ్లొచ్చాయి. కార్తీకమాసం, పెళ్ళిళ్ళ ఆర్డర్లు. కింది అరలో ఒక ఎర్ర పట్టు గుడ్డ రంగు దిగి, కుట్టి పెట్టిన జాకెట్లన్నింటికీ అంటుకుంది. ఎవరిని తిట్టాలో తెలియక ఆ ర్యాంప్ మీదే కూర్చుని ఏడ్చాను.

అప్పటికీ బుద్ధి రాలేదు. మా అత్తమ్మకు మోకాళ్ల నొప్పులు. ఒకరోజు షాపు నుంచి మెయిన్ రోడ్డుకు నడుస్తూ, ర్యాంప్ ఎక్కి దిగలేక రోడ్డు మీదికి జరిగింది. ఒక బైకు హ్యాండిల్ తగిలి కింద పడింది. చెయ్యి విరగలేదు, బెణికింది. ఆస్పత్రి నుంచి వస్తూ ఆమె అన్న మాట: "నువ్వు అందరి కొలతలూ తీస్తావు కదమ్మా, మనిషి నడవడానికి ఎంత జాగా కావాలో ఎప్పుడన్నా తీసినావా?"

మరుసటి ఆదివారం టేపు తీసుకొని వీధిలోకి దిగాను. మా టేపు 60 అంగుళాలు. పట్టణాల్లో నడిచేవాళ్ల సౌకర్యాలకు ఇండియన్ రోడ్స్ కాంగ్రెస్ నిబంధన ఒకటి ఉంది. దాని ప్రకారం ఇళ్లున్న వీధిలో కూడా అడ్డేమీ లేని నడక దారి కనీసం 1.8 మీటర్లు ఉండాలి. అంటే 71 అంగుళాలు, నా టేపు కంటే పొడవు. దుకాణాల వీధిలో ఇంకా ఎక్కువ ఉండాలి. మా వీధిలో టేపు చివరిదాకా లాగాల్సిన అవసరమే రాలేదు. కరెంటు స్తంభం దగ్గర 22 అంగుళాలు. ఫ్యాన్సీ షాపు మెట్ల దగ్గర 14. నా షాపు ముందు సున్నా. ఈ మూడు చోట్లా అడ్డం ఉన్నది బండివాళ్లు కాదు. వాళ్లు పోయి అప్పటికి మూడేళ్లు.

కాబట్టి మీకు చెప్పేది ఒకటే. ఎవరిని తీసేయాలో తర్వాత చూడండి, ముందు ఎవరు ఎంత జాగా పట్టుకున్నారో కొలవండి. కారు ఆపే జాగాకు మామూలుగా వేసుకునే లెక్క 5 మీటర్ల పొడవు, రెండున్నర మీటర్ల వెడల్పు. అంత చోటులో మూడు నాలుగు తోపుడు బండ్లు, కొనేవాళ్లతో సహా పడతాయి. బండంటే ఒక ఇంటికి కూడు. అక్కడ ఆగిన కారు ఎవరికి ఏం పెడుతోంది? బండ్లవల్ల అడ్డమే లేదని నేను అనడం లేదు. మలుపులో నిలబెడితే, బస్టాపు ముందు పెడితే తప్పే. దానికి చోటు మార్చడం ఉంది, గీత గీయడం ఉంది, లారీ ఎక్కించడం ఒక్కటే దారి కాదు.

చట్టం కూడా ఇదే చెబుతుంది. వీధి వ్యాపారుల చట్టం 2014లో వచ్చింది. దాని ప్రకారం ముందు సర్వే చేయాలి, అందరికీ వ్యాపార సర్టిఫికెట్లు ఇవ్వాలి, అంతవరకు ఎవరినీ ఖాళీ చేయించకూడదు. సర్టిఫికెట్ ఉన్నవాళ్లను కదిలించాలంటే 30 రోజుల నోటీసు ఇవ్వాలి. జనం తమంతట తాము అమ్ముకుంటూ కొనుక్కుంటూ వస్తున్న పాత అంగళ్ల చోటును అమ్మకూడని జోన్‌గా ప్రకటించడానికి వీల్లేదు. ఊరి జనాభాలో రెండున్నర శాతం వరకు వ్యాపారులకు చోటు చూపించాలి. 2011 జనాభా లెక్కల్లో తిరుపతి కార్పొరేషన్ పరిధిలో 2.87 లక్షల మంది ఉన్నారు. అంటే దాదాపు ఏడు వేల మందికి చోటు. ఏ జాగా ఎవరికన్నది చూసే టౌన్ వెండింగ్ కమిటీలో కనీసం 40 శాతం మంది వ్యాపారులే ఉండాలి, వాళ్లలో మూడోవంతు ఆడవాళ్లు. 2019లో మా అర్జీలో సంతకాలు పెట్టినవాళ్లం ఈ చట్టం పేరు కూడా వినలేదు. మీ అర్జీ రాసినవాళ్లు విన్నారేమో అడగండి.

రోడ్డు వెడల్పు విషయం. మన ఊళ్లో ఇంతకంటే పెద్ద ఉదాహరణ లేదు. శ్రీనివాస సేతు ఫ్లైఓవర్ దాదాపు ఏడు కిలోమీటర్లు, ఖర్చు 650 కోట్ల పైమాట, టీటీడీ, స్మార్ట్ సిటీ కార్పొరేషన్ కలిసి పెట్టుకున్నాయి. 2023 సెప్టెంబరులో పూర్తిగా తెరిచారు. యాత్రికుల బస్సులు ఊరి నడుమ ఇరుక్కోకుండా పైనుంచి కపిలతీర్థం దాకా పోతున్నాయి, అది మంచిదే, కాదనను. కానీ వంతెన కొండకు పోయేవాళ్ల కోసం. కింద రోడ్డు దాటాల్సిన ముసలామెకు అది ఏం చేసింది? ఇంటి ముందు వీధి వెడల్పు చేస్తే ఇంకో రకం చిక్కు. జాగా కనిపిస్తే ఇంట్లో ఉన్న బండి బయటికొస్తుంది, లేని బండి కొంటాం. అరటిపండ్ల బండి పోయిన పది రోజుల్లోనే నేను కళ్లారా చూశాను. 2006 నాటి జాతీయ పట్టణ రవాణా విధానంలోనే రాసిపెట్టారు, రోడ్డు జాగా పంచేటప్పుడు చూడాల్సింది వాహనాలను కాదు, మనుషులను అని.

ఇదంతా తిరుపతిలో సాగే పని కాదని మా వీధిలో ఒకాయన కొట్టిపారేశాడు. ఆయన్ని నేను అడిగింది ఇది. కొండ మీద మాడ వీధుల్లో ఎవరి బండి తిరుగుతోంది? ఎంత పెద్దమనిషైనా చెప్పులు విడిచి నడవాల్సిందే కదా? ఘాట్ రోడ్డు 1944లో ఒకటి, 1974లో ఇంకొకటి వచ్చాయి. ఎక్కేవాళ్లకు ఒకటి, దిగేవాళ్లకు ఒకటని పంచేసి, రాత్రి గేటు మూసేస్తే మారుమాట్లాడే వాళ్లు లేరు. అలిపిరి నుంచి 3,550 మెట్లు, పైన రేకులు, దీపాలు, తాగే నీళ్లు. కొండకు నడిచేవాళ్లకు ఇంత చేసిన ఊరు, రైల్వే స్టేషన్ దిగి మూటాముల్లె నెత్తిన పెట్టుకొని బస్టాండ్‌కు నడిచేవాళ్లను ఆటోల మధ్యలో వదిలేసింది. రోజూ అరవై డెబ్బై వేల మంది దర్శనానికొచ్చే ఊరు మనది. వాళ్లలో ఎంతోమంది ఊళ్లో కాలినడకనే ఉంటారు, మనమేమో ట్రాఫిక్ అంటే వాహనాలే అనుకుంటాం.

బస్సు గురించి ఒక్క మాట. మా షాపులో అమ్మాయి చంద్రగిరి వైపు నుంచి పల్లెవెలుగులో వస్తుంది. 2025 ఆగస్టు 15 నుంచి ఆడవాళ్లకు ఉచితం కాబట్టి ఆధార్ చూపించి జీరో టికెట్ తీసుకుంటుంది, నెల ఖర్చు బాగా మిగిలింది. ఆమెకు టెన్షన్ బస్సులో లేదు. స్టాపు నుంచి షాపు దాకా పది నిమిషాల నడకలో ఉంది. చీకటి పడ్డాక మరీను. బస్సులెన్ని పెంచినా ఆ పది నిమిషాలు బాగుపడకపోతే నాలుగు జీతాలు కూడబెట్టి స్కూటీ కొంటానంటోంది. కొనవద్దని నేనెట్లా చెప్పను?

అర్జీ పెట్టొద్దని కాదు. మేమూ రెండోసారి పెట్టాం, వేరే మాటలతో. ముందు మా మెట్లు, ర్యాంపులు మేమే వెనక్కి జరుపుకుంటామని రాశాం. నా ర్యాంప్ పగలగొట్టించడానికి పోయించిన దానికంటే ఎక్కువే అయింది. ఇప్పుడు పలకలు వేశాను, టకటకమంటాయి, అలవాటైపోయింది. కాలువ మీద సమానంగా మూతలు, స్తంభం పక్కకు, వీధికి ఒకవైపే పార్కింగ్, గోడవారన బండ్లకు తెల్లగీతల గళ్లు ఇవ్వమని అడిగాం. అన్నీ కాలేదు. స్తంభం ఇంకా అక్కడే ఉంది. ఫ్యాన్సీ షాపాయన ఒక మెట్టు తీసి ఒక మెట్టు ఉంచాడు. తెల్ల కారు మాత్రం పోయింది, నోటీసు అంటించిన మూడో రోజే.

పూలక్కను వెతికి తీసుకొచ్చింది మా అత్తమ్మే. 2020లో వీధి వ్యాపారులకు కేంద్రం లోన్లిచ్చే పీఎం స్వనిధి పథకం కింద పదివేలు తీసుకుందట పూలక్క. దానికి వీధి వ్యాపారి కార్డు గానీ, సిఫార్సు లేఖ గానీ ఉండాలి. ఆమె కార్డు బియ్యం డబ్బాలో భద్రంగా ఉంది. లోను కోసం తప్ప ఇంకెందుకు పనికొస్తుందో ఎవరూ చెప్పలేదన్నమాట. మీరు ఖాళీ చేయించాలనుకునే వాళ్లలో ఎంతమంది దగ్గర ఆ కార్డుందో వెళ్లి అడగండి. సంతకం సంగతి అప్పుడు చూసుకోవచ్చు.

ఆమె ఇప్పుడు నా పాత ర్యాంప్ ఉన్న చోటుకు పక్కన కూర్చుంటోంది. పొద్దున ఎండ నేరుగా మొహాన కొడుతోందని రోజూ సణుగుడే. నిన్న షాపులో ఉన్న పెద్ద గొడుగు ఇచ్చాను. అది తెరిస్తే నడిచే దారిలోకి ఎన్ని అంగుళాలు వస్తుందో ఇంకా కొలవలేదు.