విండోస్‌లో నడిచిన పాత్ లైను మాక్‌లో ఎందుకు నడవడం లేదు?

విండోస్ కమాండ్ ప్రాంప్ట్‌లో వాడిన పాత్ (కమాండ్లను ఏయే ఫోల్డర్లలో వెతకాలో చెప్పే జాబితా) లైనునే, ముందు ఎక్స్‌పోర్ట్ (export) తగిలించి కొత్త మాక్‌లో బాష్ ప్రొఫైల్‌లో (బాష్ అనే షెల్ మొదలయ్యేటప్పుడు చదివే ఫైల్లో) పెట్టానని, ఏ మార్పూ రాలేదని, అదే లైను టెర్మినల్‌లో కొడితే ఎల్ఎస్ (ls, ఫోల్డర్లో ఏమున్నాయో చూపే కమాండ్) కూడా దొరకడం లేదని రాశారు. కంగారు పడకండి, మాక్ పాడవలేదు.

తప్పు సెమీకోలన్ (;) దగ్గరుంది. విండోస్‌లో డ్రైవ్ అక్షరం పక్కన కోలన్ (:) ఎలాగూ ఉంటుంది కాబట్టి ఫోల్డర్లను సెమీకోలన్‌తో విడదీస్తారు. మాక్ వాడే యునిక్స్ షెల్స్‌లో (మనం కొట్టే కమాండ్లను చదివి నడిపే ప్రోగ్రాముల్లో) ఆ పని కోలన్ చేస్తుంది. సెమీకోలన్ వస్తే కమాండ్ అక్కడితో అయిపోయినట్టే. మీరు కొత్త ఫోల్డర్ ముందు రాసి, సెమీకోలన్ పెట్టి, తర్వాత పాత పాత్ రాశారు. షెల్ మొదటి ముక్కనే పాత్‌గా తీసుకుంది. ఎల్ఎస్ ఉండే ఫోల్డర్ జాబితాలోంచి పోయింది. సెమీకోలన్ బదులు కోలన్ పెట్టండి, పాత పాత్‌ను విండోస్‌లోలా %PATH% అని రాసి ఉంటే $PATH అని మార్చండి.

ఇక బాష్ ప్రొఫైల్ సంగతి. 2019లో వచ్చిన కాటలీనా అనే మాక్‌ఓఎస్ వెర్షన్ నుంచి మాక్‌లో కొత్త ఖాతాలకు బాష్ బదులు జెడ్‌షెల్ (zsh) ఇస్తున్నారు. అది బాష్ ప్రొఫైల్‌ను చదవదు. లైనును డాట్ జెడ్‌ఎస్‌హెచ్‌ఆర్‌సీ (.zshrc) ఫైల్లోకి మార్చండి. ఎప్పుడైనా ఫిష్ అనే మరో షెల్‌కి మారితే అక్కడ పాత్ ఒకే పొడుగు వాక్యంలా కాక నిజమైన జాబితాలా ఉంటుంది. అందులో ఫోల్డర్ చేర్చడానికి ఫిష్ యాడ్ పాత్ (fish_add_path) అనే కమాండే ఉంది.

నాకు గట్టి దెబ్బ తగిలింది మాత్రం విండోస్‌లోనే. ఒక కొత్త టూల్ కోసం సెట్‌ఎక్స్ (setx, పాత్ లాంటి సెట్టింగులను శాశ్వతంగా సేవ్ చేసే విండోస్ కమాండ్)తో, పాత పాత్ చివర దాని ఫోల్డర్ తగిలించి సేవ్ చేశాను. సెట్‌ఎక్స్ 1024 అక్షరాల తర్వాత ఉన్నదంతా కోసేస్తుంది. హెచ్చరిక వచ్చింది, నేను చదవలేదు. పైగా సిస్టమ్ పాత్ (కంప్యూటర్ మొత్తానికి), యూజర్ పాత్ (నా ఖాతాకు మాత్రమే) రెండూ కలిసి యూజర్ పాత్‌లో పడ్డాయి. కొత్త విండో తెరిస్తే సగం టూల్స్ లేవు. ఆ సాయంత్రం పడ్డ టెన్షన్ ఇంకా గుర్తుంది. అంతకుముందే తెరిచి ఉన్న కమాండ్ విండో నన్ను కాపాడింది. నడుస్తున్న విండో తాను మొదలైనప్పటి పాత్‌నే పట్టుకుని ఉంటుంది కదా. అందులో ఎకో కమాండ్‌తో పాత్‌ను తెరపై చూసి, నోట్‌ప్యాడ్‌లోకి కాపీ చేసుకుని, ఎన్విరాన్‌మెంట్ వేరియబుల్స్ విండోలో ఒక్కొక్కటీ తిరిగి చేర్చాను. సెట్‌ఎక్స్‌తో పాత్ జోలికి మళ్లీ పోలేదు.

మీరూ అలాగే చేయండి. ముందు ఇప్పుడున్న పాత్‌ను ఒక ఫైల్లో దాచుకోండి. లైను మార్చాక ఈ విండో మూయకుండా, కొత్త విండోలో పరీక్షించండి. అక్కడ ఎల్ఎస్ రాకపోతే ఇక్కడి నుంచే సరిచేసుకోవచ్చు.