ఎస్‌ఎంసీ చైర్మన్ సంతకం పెట్టే ముందు

పాఠశాల యాజమాన్య కమిటీ (ఎస్‌ఎంసీ) చైర్మన్‌గా ఎన్నికయ్యాక సమావేశం ఊసే లేదని, హెచ్‌ఎంగారు రిజిస్టరు ఇంటికి పంపి సంతకం చేయించుకుంటున్నారని రాశారు. కమిటీకి అసలు అధికారం ఉందా అన్నది మీ ప్రశ్న. ఉందండీ. 2009 విద్యాహక్కు చట్టం 21వ సెక్షన్ ప్రకారం బడి పనితీరు చూడటం, అభివృద్ధి ప్రణాళిక వేయడం, గ్రాంట్ల ఖర్చు గమనించడం కమిటీ పనులే. సభ్యుల్లో కనీసం ముప్పాతిక మంది తల్లిదండ్రులు, సగం మంది మహిళలు ఉండాలన్నదీ అందుకే.

మొట్టమొదట సమావేశ తీర్మానాలు రాసే మినిట్స్ పుస్తకం సంగతి చూడండి. ఖాళీ పేజీలో ముందు సంతకాలు తీసుకుని తీర్మానం తర్వాత రాసుకుంటారు, గొడవలన్నీ అక్కడే మొదలు. ఏ పనికి, ఎంత అన్నది అంకెల్లో, అక్షరాల్లో రాశాకే, ఆఖరి వాక్యం కిందే సంతకం పెట్టండి. మిగిలిన ఖాళీకి అడ్డగీత కొట్టి ఫొటో తీసుకోండి. పాస్‌బుక్కు, ఓచర్లు ప్రతి సమావేశంలో బల్ల మీద ఉండాలి.

సమగ్ర శిక్ష పథకం కింద బడి ఖర్చులకు ఏటా ఇచ్చే కాంపోజిట్ గ్రాంటు పిల్లల సంఖ్యను బట్టి వస్తుంది: 31–100 మందికి రూ.25,000, 101–250 మందికి రూ.50,000. అందులో కనీసం 10 శాతం పరిశుభ్రతకే. డబ్బు ఆర్థిక సంవత్సరం చివర్లో పడితే హడావుడిగా బిల్లులు పెట్టేస్తారు కాబట్టి, ఏ పని ముందో ఇప్పుడే తీర్మానం చేసి ఉంచండి.

మధ్యాహ్న భోజనానికి ఆరోజు హాజరు చూసి, వండక ముందే తూకం చూడండి. ప్రాథమిక పాఠశాలలో ఒక్కొక్కరికి 100 గ్రాముల బియ్యం, 20 గ్రాముల పప్పు, 50 గ్రాముల కూరగాయలు. 80 మంది వస్తే 8 కిలోలు, 1.6 కిలోలు, 4 కిలోలు పడాలి. పప్పు నీళ్లగా ఉందని వంటమ్మ మీద అరవకండి. బిల్లులు రాక ఆవిడ కిరాణా కొట్లో అప్పు పెట్టి వండుతూ ఉండొచ్చు. బకాయి ఎన్ని నెలలదో అడిగి తీర్మానంలో ఎక్కించండి.

ఇక ప్రణాళిక. కేంద్ర నమూనా నిబంధనల్లో అది మూడేళ్లకు. ఆర్థిక సంవత్సరం ముగియడానికి కనీసం మూడు నెలల ముందే, అంటే డిసెంబరులోగా సిద్ధం కావాలి. టీచరు పోస్టు అడిగే చోటు ఇదే. ప్రాథమిక స్థాయిలో 60 మంది వరకు ఇద్దరు, 61 నుంచి 90 వరకు ముగ్గురు టీచర్లని చట్టం షెడ్యూల్లోనే ఉంది. మీకు 65 మంది ఉండి ఇద్దరే పనిచేస్తుంటే, తరగతులవారీ సంఖ్యలతో మూడో టీచరు కావాలని రాయండి. నోటిమాటగా చెప్పి వదలొద్దు. రెండు ప్రతులు తీసుకెళ్లి ఒకటి మండల విద్యాధికారి (ఎంఈఓ) ఆఫీసులో ఇచ్చి, రెండోదాని మీద తేదీతో ముద్ర వేయించుకోండి.