గోడ దాటిన పూలతీగ: కోసే హక్కు ఎవరిది, నష్టం ఎవరిది?

ప్రశ్న: వకీల్ సాబ్ గారికి నమస్కారం. మాది మిర్యాలగూడ దగ్గర ఒక ఊరు. ఎనిమిదేళ్ల కింద నర్సరీలో కోరల్ వైన్ అనే తీగ కొని పెరటి గోడ పక్కన పెట్టాను. గులాబీ రంగు గుత్తులు చూసి అడిగిన వాళ్లందరికీ కొమ్మలు, గింజలు ఇచ్చాను. ఇప్పుడు ఆ తీగ పక్కింటి రేకుల మీదికి పాకింది. స్తంభం నుంచి మా ఇంటికి వచ్చే కరెంటు వైరును చుట్టుకుంది. వెనకున్న పిల్ల కాలువలోకీ దిగింది. పోయిన దసరాకు పక్కింటాయన "తీగ తీయించండమ్మా" అన్నాడు. తీయిస్తానన్నాను గానీ పనుల్లో పడి కుదరలేదు. మొన్న మేము ఊళ్లో లేనప్పుడు ఆయన మా పెరట్లోకి వచ్చి తీగను మొదట్లోనే నరికి, గడ్డిమందు పోశాడు. పక్కనున్న మల్లె పొద, నిమ్మ చెట్టు కూడా ఎండిపోయాయి. పైగా తన రేకులు పగిలాయని 40 వేలు ఇప్పించమని పెద్దమనుషుల్లో పెట్టాడు. నేను కొమ్మ ఇచ్చిన దేవరకొండ చుట్టాలు "నీవల్లే మా చేను దడంతా తీగ అయింది, ఖర్చు నువ్వే పెట్టుకో" అంటున్నారు. మన్ననూరులో మా చెల్లెలింటి వెనక కూడా ఇదే తీగ ఉంది. ఇవన్నీ ఇట్లా ఉంటే, మా పాప కొమ్మలు ఆన్‌లైన్‌లో అమ్ముదామంటోంది. నా మీద కేసు అవుతుందా? — ఒక పాఠకురాలు, నల్గొండ జిల్లా

జవాబు: అమ్మా, ముందు ఆ టెన్షన్ పక్కన పెట్టండి. పెరట్లో పూలతీగ పెంచినందుకు మిమ్మల్ని ఎవరూ జైలుకు పంపరు. కోరల్ వైన్ మెక్సికో నుంచి వచ్చిన మాట నిజమే. కానీ బయటి నుంచి వచ్చిన మొక్కలన్నీ నేరమైతే మన వంటింట్లో మిరపకాయ కూడా మిగలదు. వన్యప్రాణి సంరక్షణ చట్టానికి 2022లో చేసిన సవరణతో 62ఎ అనే సెక్షన్ చేరింది. అది 2023 ఏప్రిల్ 1 నుంచి అమల్లోకి వచ్చింది. బయటి దేశాల నుంచి వచ్చి వన్యప్రాణులకు, వాటి ఆవాసాలకు ముప్పు తెచ్చే జాతుల దిగుమతిని, వ్యాపారాన్ని, దగ్గర ఉంచుకోవడాన్ని, వ్యాప్తిని కట్టడి చేసే అధికారం ఆ సెక్షన్ కేంద్రానికి ఇచ్చింది. కేంద్రం తన అధికారం వాడి ఆంక్ష పెడితేనే అది మొక్కలు పెంచేవాళ్ల దాకా వస్తుంది. కాబట్టి మీ పెరటికి ఇప్పుడు దాంతో పని లేదు.

చెల్లెలి ఇంటి సంగతి వేరు. మన్ననూరు దాటితే అమ్రాబాద్ పులుల అభయారణ్యం. ఈ తీగ గింజలు నీళ్లలో తేలిపోతాయి, కొమ్మ నరికితే దుంప నుంచి మళ్లీ చిగురిస్తుంది. అడవి అంచున ఇలాంటిది పెంచి రేపు అటవీ శాఖ వాళ్లకు జవాబు చెప్పుకోవడం ఎందుకు? దుంపలతో సహా తవ్వించేయమని ఆమెకు ఇవాళే ఫోన్ చేయండి.

మీ అసలు చిక్కు సివిల్‌ది. ఒకరి స్థలంలోని కొమ్మగానీ వేరుగానీ తీగగానీ పక్కవాడి స్థలంలోకి పోయి అతని అనుభవానికి అడ్డమైతే దాన్ని ప్రైవేట్ న్యూసెన్స్ అంటాం. దీనికి మన దగ్గర సెక్షన్లతో రాసిన ప్రత్యేక చట్టం లేదు. పాత ఇంగ్లిష్ తీర్పులు, వాటిని ఆధారం చేసుకుని మన హైకోర్టులు ఇచ్చిన తీర్పులే దారి. వాటిలో ముఖ్యమైనది 1894 నాటి లెమన్ వర్సెస్ వెబ్. పక్కింటి చెట్టు కొమ్మలు నా స్థలం మీదికి వస్తే, నోటీసు కూడా ఇవ్వకుండా నా వైపు నుంచే వాటిని కోసేయవచ్చని ఆ తీర్పు. కొమ్మలు ఎన్నేళ్ల నుంచి అలా వేలాడుతున్నా చెట్టు యజమానికి వాటిని అలాగే ఉంచే హక్కు రాదు. "ఎనిమిదేళ్లు నోరెత్తలేదు, ఇప్పుడెందుకు" అని మీరు అనలేరన్నమాట. కేసు వేసే గడువులు చెప్పే లిమిటేషన్ చట్టం 22వ సెక్షన్ ప్రకారం కొనసాగుతున్న న్యూసెన్స్‌కు గడువు ప్రతి క్షణం కొత్తగా మొదలవుతుంది.

కాబట్టి పక్కింటాయన తన రేకుల మీదున్న తీగను తన ఇంట్లో నిలబడి, గోడ వరకు కోసి ఉంటే మీకు నోరెత్తే వీల్లేదు. కోసిన కొమ్మ మాత్రం చట్టం ప్రకారం మీదే. తీగ విషయంలో ఇది నవ్వులాటగా ఉంటుంది గానీ, మామిడికాయల సీజన్‌లో ఈ ఒక్క ముక్క మీదే తలలు పగిలిన ఊళ్లున్నాయి.

ఆయన అక్కడ ఆగలేదు. గోడ దాటి వచ్చాడు, మొదలు నరికాడు, మందు పోశాడు. ఈ మూడింటిలో ఏ ఒక్కటీ కోసే హక్కులోకి రాదు. ఆ హక్కు తన స్థలాన్ని ఖాళీ చేసుకునే వరకే, మీ మొక్కను చంపడానికి కాదు. తన వైపే మందు చల్లి, అది వేళ్ల ద్వారా మీ వైపు మొక్కను చంపినా తప్పే. ఇక్కడైతే సంబంధమే లేని మల్లె, నిమ్మ పోయాయి. నష్టం కలిగించే ఉద్దేశంతో, లేదా కలుగుతుందని తెలిసి చేశాడని తేలితే భారతీయ న్యాయ సంహిత 324వ సెక్షన్ కింద అది నేరం. ఆ ఉద్దేశంతో మీ పెరట్లో అడుగుపెట్టడం 329 కిందికి వస్తుంది. మీరు స్టేషన్‌కు పోవచ్చు. నేనైతే పోవద్దనే అంటాను. మీరు ఒక కాగితం ఇస్తే ఆయన రెండు ఇస్తాడు. తర్వాత తేదీల చుట్టూ తిరగడమే ఇద్దరికీ పని. గోడ పక్క పంచాయితీల్లో ఎఫ్ఐఆర్ పడ్డాక రాజీ కావడం కష్టం.

కేసు పెట్టినా పెట్టకపోయినా ఆధారాలు మాత్రం ఇవాళే సేకరించండి. ఎండిన నిమ్మ చెట్టును పీకేయకండి. ఆకులు ఏ వైపు నుంచి మాడాయి, మందు మరక నేల మీద ఎంత దూరం ఉంది, నరికిన మొదలు గోడకు ఎంత దూరంలో ఉంది అన్నవి టేపు పెట్టి ఫోటోలు తీయించండి. మందు డబ్బా దొరికితే మూత పెట్టి పక్కన దాచండి. ఉద్యానవన శాఖ అధికారిని పిలిచి, చెట్టు ఎందుకు చచ్చిందో రాసిమ్మని అడగండి. విషయం కోర్టుదాకా పోతే సివిల్ ప్రొసీజర్ కోడ్ ఆర్డర్ 26 రూల్ 9 కింద కోర్టు నియమించిన వకీలు, అంటే అడ్వకేట్ కమిషనర్, వచ్చి చూసి రిపోర్టు ఇస్తారు. అప్పటికి నేల కడిగేసి ఉంటే ఆయన చూసేదేమీ ఉండదు.

ఇక 40 వేల సంగతి. ఇక్కడ మీకు నచ్చని మాట చెప్పాలి. మీ ఉత్తరంలో నాకు ఇబ్బందిగా కనిపించిన వాక్యం ఒక్కటే, దసరా నాడు ఆయన తీగ తీయించమన్నాడన్నది. న్యూసెన్స్ ఉందని తెలిసి, లేదా తెలియాల్సి ఉండి, తగిన సమయంలో ఏమీ చేయకపోతే దాన్ని కొనసాగించినట్టే అని 1940లో సెడ్లీ-డెన్‌ఫీల్డ్ కేసులో అప్పటి ఇంగ్లండ్ అత్యున్నత న్యాయస్థానం హౌస్ ఆఫ్ లార్డ్స్ చెప్పింది. ఈ లెక్కన దసరా తర్వాత తీగ వల్ల జరిగిన నష్టానికి మీరు జవాబు చెప్పాల్సి రావచ్చు. ఆయన నోటితో చెప్పాడు, నోటీసు ఇవ్వలేదు అని తప్పించుకోలేరు. మీరే "తీయిస్తా" అన్నారు కదా.

అయితే రేకులు పగలగొట్టింది తీగేనని రుజువు చేయాల్సింది ఆయన. మన ఊళ్లలో రేకులు పగలడానికి తీగలు కావాలా, కోతులు చాలవూ? రేకులు ఏనాటివి, ఎన్ని పగిలాయి, మేస్త్రీ ఇచ్చిన అంచనా కాగితం ఉందా అని పెద్దమనుషుల ముందే అడగండి. తన వైపు తీగను తానే కోసుకునే హక్కు ఉండి కూడా నెలల తరబడి చూస్తూ కూర్చున్నాడు కాబట్టి ఆ మేరకు నష్టం తగ్గించాలని వాదించవచ్చు. మల్లె, నిమ్మ విలువ అవతలి వైపు రాయండి. నా అంచనాలో రెండు లెక్కలూ చెల్లుకు చెల్లు అయ్యేదానికి దగ్గరగానే ఉంటాయి. మీరు రెండు మూడు వేలు ఎక్కువ ఇచ్చి ఒప్పందం చేసుకున్నా నష్టపోయినట్టు కాదు.

ఒక్క విషయంలో మాత్రం ఆయనకు గట్టి పట్టు ఉంది. ఈ తీగ నరికితే పోయేది కాదు, దుంపలు మట్టిలోనే ఉంటాయి. అవి గోడ కింద నుంచి ఆయన వైపు పోయి ఉంటే, స్పెసిఫిక్ రిలీఫ్ చట్టం 39వ సెక్షన్ కింద వాటిని తవ్వించి తీసేయమని మీ మీద ఆర్డర్ అడగవచ్చు. ఇంగ్లండ్‌లో జపనీస్ నాట్‌వీడ్ అనే మొండి మొక్క మీద 2018లో ఒక అప్పీలు తీర్పు వచ్చింది. ఇంటికి ఇంకా పగుళ్లు రాకపోయినా, వేళ్లు పక్క స్థలంలోకి చొరబడి ఆ స్థలం అనుభవాన్ని తగ్గించడమే న్యూసెన్స్ అని అందులో తేల్చారు. మన కోర్టులకు అది కట్టుబాటు కాదు గానీ అవతలి వకీలు దాన్ని చదివి వినిపించకుండా ఉండడు.

కరెంటు వైరు దగ్గర మాత్రం చట్టం తర్వాత, ప్రాణం ముందు. కోరల్ వైన్ పూగుత్తి కొసనే నులితీగ ఉంటుంది, అందుకే పూసే కొద్దీ దొరికిన దాన్నల్లా చుట్టుకుంటుంది. పచ్చి తీగ, తడి వైరు, ఇనుప నిచ్చెన కలిస్తే ఏమవుతుందో నేను చెప్పక్కర్లేదు. మొదలు నరికారు కాబట్టి పైన ఎండిపోయి రాలుతుందిలే అనుకోకండి, గాలికి ఆ బరువంతా వైరునే లాగుతుంది. 1912కు ఫోన్ చేసి, సరఫరా ఆపించి, లైన్‌మన్ చేతనే తీయించండి. "ఇది తీగ, చెట్టు కాదు, వాళ్లకేం అధికారం" అని ఎవరైనా అంటే నమ్మకండి. 2003 విద్యుత్ చట్టం 68వ సెక్షన్ వివరణలో చెట్టు అంటే పొద, కంచె మొక్కలు, అడవిగా పెరిగినవి, ఏ ఇతర మొక్క అయినా అని రాసి ఉంది. లైను వేసిన తర్వాత వచ్చిన మొక్కకు పరిహారం కూడా ఉండదు. తెలిసీ వదిలేసిన తీగ వల్ల వైరు తెగి ఎవరికైనా ప్రాణహాని జరిగితే, మీరు భయపడిన క్రిమినల్ కేసు అప్పుడు నిజంగానే మీ తలుపు తడుతుంది.

కోసిన తుక్కును పిల్ల కాలువలో వేయకండి. దిగువ రైతు నీళ్లు ఆగుతాయి, పైగా ముక్కలు, గింజలు కొట్టుకుపోయి మరో గట్టున మొలుస్తాయి. సేద్యపు నీటి సరఫరా తగ్గుతుందని తెలిసి అడ్డం కల్పించడం న్యాయ సంహిత 326వ సెక్షన్‌లో ఐదేళ్ల దాకా శిక్ష ఉన్న నేరం. తుక్కును పట్టా మీద ఆరబోయండి, గింజలు, దుంపలు విడిగా ఏరి తగలబెట్టండి. తీగ పక్కనే ఉన్న వేప మీదికి కూడా ఎక్కి ఉంటే తీగను మాత్రమే తీయించండి. వేపను కొట్టాలంటే వాల్టా (నీరు, భూమి, చెట్ల) చట్టం కింద అనుమతి తీసుకోవాలి.

దేవరకొండ చుట్టాలకు మీరు పైసా ఇవ్వక్కర్లేదు. కొమ్మ చేతికిచ్చాక దాని మీద మీకు అదుపు లేదు. ఎక్కడ నాటాలో, ఎప్పుడు కత్తిరించాలో నిర్ణయించింది వాళ్లే. వాళ్ల చేను దడి వాళ్లే చూసుకోవాలి. ఒకవేళ "ఇది పాకదు, కుండీలోనే ఉంటుంది" అని తెలిసి అబద్ధం చెప్పి ఇచ్చి ఉంటే వాదనకు కొంత చోటుండేది. మీరు అలా చెప్పలేదనే అనుకుంటున్నాను. ఇకమీదట ఎవరికైనా మొక్క ఇచ్చేటప్పుడు దాని బుద్ధి ఎలాంటిదో కూడా చెప్పి ఇవ్వండి. వాట్సాప్‌లో ఒక మెసేజ్ పెడితే అదే రేపు మీకు ఆధారం.

మీ పాప అమ్మకానికి దిగితే లెక్క మారుతుంది. ఉచితంగా ఇచ్చినప్పుడు తీసుకున్నవాళ్లు వినియోగదారులు కారు. 50 రూపాయలు తీసుకున్నా 2019 వినియోగదారుల చట్టం వర్తిస్తుంది, "ఎక్కడైనా పెంచుకోవచ్చు, నిర్వహణ అక్కర్లేదు" అని పోస్టు పెడితే అదే ఫిర్యాదుకు కాగితం. 1966 విత్తనాల చట్టం గురించి భయపడనక్కర్లేదు, అది ఆహార పంటలు, పత్తి, జనపనార (జూట్), పశుగ్రాసం విత్తనాలకే. బయటి దేశం సైట్ల నుంచి కొత్త రంగు గింజలు తెప్పిద్దామంటే మాత్రం వద్దనండి. 2003 ప్లాంట్ క్వారంటైన్ ఆర్డర్ ప్రకారం అనుమతి, ఆరోగ్య ధ్రువపత్రం లేకుండా గింజలు రావడం నిషేధం. అమ్మాలనే ఉంటే మల్లె, కనకాంబరం అమ్మమనండి. మీరు ఆ గోడ పక్కన రాధామనోహరం వేద్దామనుకున్నా నాకు అభ్యంతరం లేదు, మన ఆసియా తీగే. కానీ అదీ పిలకలు వేసి గోడ దాటే రకమే, దాటితే చట్టం దానికేమీ మినహాయింపు ఇవ్వదు.

ఇప్పుడు చేయాల్సింది. పక్కింటాయనకు రిజిస్టర్ పోస్టులో ఒక ఉత్తరం రాయండి. ఫలానా తేదీలోపు నా ఖర్చుతో దుంపలు తవ్విస్తాను, మీ వైపు తవ్వడానికి అనుమతి ఇవ్వండి, నా మొక్కల నష్టం గురించి కూర్చుని మాట్లాడదాం అని. తిట్టు ఒక్కటి కూడా ఉండొద్దు, రేపు దాన్ని జడ్జి చదువుతారు. పెద్దమనుషుల్లో మాట కుదిరితే ఇద్దరూ సంతకం చేసిన కాగితం తీసుకుని, దాన్ని లోక్ అదాలత్‌లో అవార్డుగా, అంటే తీర్పుగా మార్పించుకోండి. అప్పుడు అది కోర్టు డిక్రీతో సమానం, అప్పీలు ఉండదు. కేసు ఇంకా వేయకపోయినా లోక్ అదాలత్‌కు పోవచ్చు, ఫీజు లేదు. వకీలు ఫీజు గురించి అడగలేదు గానీ చెబుతున్నాను: 1987 న్యాయ సేవల చట్టం 12వ సెక్షన్ ప్రకారం మహిళలకు ఆదాయంతో నిమిత్తం లేకుండా ఉచిత న్యాయ సహాయం ఉంటుంది. 15100కు ఫోన్ చేయండి, లేదా కోర్టు ఆవరణలోని న్యాయ సేవల కార్యాలయానికి ఆధార్, ఇంటి కాగితాలు, ఆ ఫోటోలు పట్టుకుని వెళ్లండి.