ఇంటి కంప్యూటర్ బ్యాకప్‌కు పాత ఎల్‌టీఓ టేప్ డ్రైవ్ కొనవచ్చా?

ఆరు టెరాబైట్ల కుటుంబ ఫొటోలు, వీడియోలు దాచుకోవడానికి చెన్నై రిచీ స్ట్రీట్‌లో పాత ఎల్‌టీఓ-5 డ్రైవ్ కొనవచ్చా అని అడిగారు. ఎల్‌టీఓ అంటే డేటాను అయస్కాంత టేపు మీద దాచే పద్ధతి, 5 అంటే అందులో అయిదో తరం. చెన్నైలోనే ఉంటూ నాలుగేళ్లుగా అదే తరం డ్రైవ్ వాడుతున్నాను. రాసిన ప్రతి టేపునూ తిరిగి చదివి సరిచూసుకునే ఓపిక మీకు ఉంటేనే కొనండి.

2015 డిసెంబరు వరదలో సైదాపేటలోని మా కింది అంతస్తు ఇంట్లోకి అడయారు నీళ్లు వచ్చినప్పుడు కంప్యూటరూ, దాని పక్కనే పెట్టిన బ్యాకప్ హార్డ్ డిస్కూ కలిసి మునిగిపోయాయి. నాన్నగారి షష్టిపూర్తి వీడియో అందులోనే పోయింది, ఆ బాధ ఇప్పటికీ ఉంది. అందుకే నేడు ప్రతి టేపుకూ రెండో ప్రతి నెల్లూరులో మా చెల్లెలి ఇంట్లో ఉంటుంది. కార్ట్రిడ్జిలో, అంటే టేపు ఉండే పెట్టెలో, మోటారు గానీ చదివి రాసే హెడ్డు గానీ ఉండవు కనుక సంచిలో బట్టల మధ్య సర్దుకుని రైల్లో తీసుకువెళ్తాను.

టేపు అట్ట మీద 3 టెరాబైట్లు అని ఉన్నా నమ్మకండి. అది డేటా సగానికి కుదించుకుపోతుందనే లెక్క. ఫొటోలూ వీడియోలూ ముందే కుదించినవి కనుక మీకు దక్కేది 1.5 టెరాబైట్లే. ఆరు టెరాబైట్లకు నాలుగు టేపులు అంచుదాకా నిండిపోతాయి కనుక ఒక ప్రతికి అయిదు పెట్టుకోండి. ఇలాంటి డ్రైవ్‌ను సాధారణంగా యూఎస్‌బీకి తగిలించలేరు, ఎస్ఏఎస్ కార్డూ (సర్వర్లలో డిస్కులూ టేప్ డ్రైవ్‌లూ తగిలించే కార్డు) దానికి సరిపడే కేబులూ విడిగా కొనాలి.

సెకనుకు 140 మెగాబైట్ల పూర్తి వేగంతో రాస్తే ఒక టేపు నిండడానికి సుమారు మూడు గంటలు పడుతుంది. అయితే వేలకొద్దీ చిన్న ఫొటోలను నేరుగా పంపితే డేటా అందక డ్రైవ్ ఆగుతుంది, టేపును కాస్త వెనక్కి లాగుతుంది, మళ్లీ మొదలుపెడుతుంది. ఈ షూ షైనింగ్ వల్ల టేపూ హెడ్డూ రెండూ అరుగుతాయి. నేను మొదటి వారం ఆ గరగర చప్పుడు మామూలేనని వదిలేశాను. ఇప్పుడు ఫైళ్లను ఒకే మూటగా కట్టే టార్ ప్రోగ్రామ్‌కూ డ్రైవ్‌కూ మధ్య, డేటాను మెమరీలో పోగుచేసే ఎంబఫర్ ప్రోగ్రామ్ పెట్టి, నాలుగు గిగాబైట్ల మెమరీ నిండాకే రాయిస్తున్నాను, శబ్దం ఒకే తీరుగా సాగుతోంది.

మరో పొరపాటు నాకు ఒక బ్యాకప్‌నే పోగొట్టింది. లినక్స్‌లో ఒకే టేప్ డ్రైవ్‌కు ఎస్‌టీ0, ఎన్‌ఎస్‌టీ0 అని రెండు పేర్లుంటాయి. ఎస్‌టీ0 పేరుతో రాస్తే పని ముగియగానే టేపు మొదటికి చుట్టుకుంటుంది, కాబట్టి నేను రెండోసారి రాసినది మొదటి దాని మీదే పడింది. ఒకే టేపు మీద వరుసగా రాయాలంటే ఎన్‌ఎస్‌టీ0 వాడాలి. రాయడం పూర్తయిన టేపుకు దాని మీద మళ్లీ రాయకుండా ఆపే రైట్ ప్రొటెక్ట్ మీట జరపడం మరవకండి.

దీర్ఘకాల నిల్వకు 16 నుంచి 25 డిగ్రీల వేడి, 20 నుంచి 50 శాతం తేమ ఉండాలంటారు. మన ఊరి గాలిలో అది సాధ్యం కాదు కనుక గాలి చొరని డబ్బాలో తేమను పీల్చే సిలికా జెల్ పొట్లాలతో ఉంచుతున్నాను. బయటి ఊరి నుంచి తెచ్చిన టేపును ఒక రోజు డ్రైవ్ ఉన్న గదిలో ఉంచాకే లోపల పెడతాను.

డ్రైవ్ చెడిపోతే ఏమవుతుందో కూడా ఆలోచించాలి. ఎల్‌టీఓ-5 టేపును ఎల్‌టీఓ-6, 7 డ్రైవ్‌లు చదువుతాయి గానీ ఎల్‌టీఓ-8 చదవదు. డబ్బు ఇచ్చే ముందు మీ సొంత కొత్త టేపు తీసుకువెళ్లి, దుకాణంలోనే చివరిదాకా రాయించి, తిరిగి చదివించి, చెక్‌సమ్‌లు (ఫైలు మారిందో లేదో తెలిపే సంఖ్యలు) పోల్చండి. పూట పడుతుంది, కుదరదన్న వారి దగ్గర కొనకండి.