పొయ్యి దగ్గర అందమా?

ప్రశ్న: గుంటూరు అరండల్‌పేటలో ఇడ్లీ బండి నడుపుతున్నాను. ఆదివారం ఆరాధనకు సగంలో చేరతాను. దేవుని సృష్టిలో అందం చూడమంటారు పాస్టర్‌గారు. నాకు కనిపించేది పొగ, అంట్లగిన్నెలే. నా విశ్వాసంలో లోపమా?
– ఒక సోదరి

జవాబు: లోపమేమీ లేదమ్మా. అందం అనగానే కొండలు, సూర్యోదయాలు చూపించడం మా బోధకులకు అలవాటు. అవి తీరిక ఉన్నవాళ్లకు! మీరు యోహాను సువార్త 21వ అధ్యాయం తీయండి. రాత్రంతా వల వేసి అలసిపోయిన శిష్యులకు, చనిపోయి తిరిగి లేచిన యేసు తిబెరియ సరస్సు ఒడ్డున నిప్పుల మీద చేపలు, రొట్టె సిద్ధం చేసి, వచ్చి తినమని పిలిచాడు. అంటే సాక్షాత్తూ ప్రభువే పొద్దున్నే టిఫిను పెట్టాడు. వాళ్లు పట్టిన 153 చేపల్లోంచి కొన్ని తెమ్మన్నాడు కూడా. కష్టజీవుల చేతి సరుకును కాదనలేదు.

రేపు ఇడ్లీపాత్ర మూత తీశాక, ఆవిరి విడిపోయి తెల్లటి వాయ బయటపడేటప్పుడు ఒక్క నిమిషం చూడండి. మిర్చి యార్డుకు పరుగెత్తే కూలీ కారప్పొడి అద్దుకుని తినే తొలి ముక్కనూ చూడండి. ప్రార్థనకు వేరే మాటలు వెతుక్కోనక్కర్లేదు. ఆరాధనకు ఆలస్యమైతే వెనక బెంచీలో కూర్చోండి; తిరిగి చూసేవాళ్లను చూడనివ్వండి.