నల్లగుడ్డ కింద ఉన్నది ఎవరు?

ప్రశ్న: మా అబ్బాయి లైబ్రరీ నుంచి తెచ్చిన పుస్తకంలో పంతొమ్మిదో శతాబ్దపు ఇంగ్లండు కుటుంబాల ఫొటోలు చూశాను. ఒకదానిలో చంటిబిడ్డ నల్లగుడ్డ కప్పిన కుర్చీలో కూర్చుని ఉంది. గుడ్డ మడతల్లోంచి ఒక చెయ్యి వచ్చి బిడ్డ నడుము పట్టుకుంది. మరికొన్నింటిలో ఆడపిల్లలు దాదాపు ఖాళీగా ఉన్న గదిలో అద్దం పక్కన, కిటికీ దగ్గర నిలబడి ఉన్నారు. ఇవి ఉన్నవాళ్లను ఉన్నట్టు తీసినవా, కావాలని అమర్చినవా?
– ఒక పాఠకురాలు, కావలి

జవాబు: అమర్చినవే. అయితే ఆ అమరికలో సగం అందం కోసం కాదు, అవసరం కోసం. 1851లో ఫ్రెడరిక్ స్కాట్ ఆర్చర్ ప్రకటించిన పద్ధతిలో గాజుపలకకు కొలోడియన్ అనే జిగురు ద్రవం పూసి, వెండి లవణపు ద్రావణంలో ముంచి, తడి ఆరకముందే ఫొటో తీసి, వెంటనే చీకటిగదిలో కడగాలి. ఇంటి లోపలి వెలుతురులో ఆ పలక మీద బొమ్మ పడటానికి చాలా సెకన్లు పట్టేది కాబట్టి, అంతసేపూ పిల్లలు కదలకూడదు. పెద్దవాళ్ల తల వెనక ఇనుప ఊత పెట్టేవారు. చంటిబిడ్డకు గుడ్డ కప్పుకున్న అమ్మో ఆయానో ఊత. మా చిన్నప్పుడు నెల్లూరు స్టూడియోలో, పూలతోట గీసిన తెర ముందు కూర్చోబెట్టి, గడ్డం పట్టి తల తిప్పి, ‘కదలొద్దు’ అంటే ఆ ఒక్క క్షణమే మాకు భారంగా ఉండేది.

మీరు చెప్పిన అద్దం, కిటికీ వింటుంటే అవి ఆ కాలపు ఫొటోగ్రాఫర్ లేడీ క్లెమెంటినా హావర్డెన్ తీసిన ఫొటోలనిపిస్తోంది. ఆమె లండన్‌లోని సౌత్ కెన్సింగ్టన్ ఇంట్లో, గదిలో సామాను చాలావరకు తీసేయించి, స్టూడియో దీపాలేవీ లేకుండా కిటికీ వెలుగులోనే తన కూతుళ్లను ఫొటోలు తీసేది. పిల్ల గోడకో కిటికీ చట్రానికో ఆనుకుంటే ఒళ్లు కదలదు. పక్కన నిలువుటద్దం ఉంటే అవతలి వైపు ముఖం కూడా కనిపిస్తుంది. మనకు దిగులులా తోచే ఆ ఒరుగుడు చాలాసార్లు నిలకడ కోసం తీసుకున్న ఆసరాయే, కానీ దాన్నే ఆమె భంగిమగా మలచుకుంది. ఆమె 1865లో మరణించింది. 1939లో సుమారు 775 ఫొటోలను కుటుంబం విక్టోరియా అండ్ ఆల్బర్ట్ మ్యూజియానికి ఇచ్చింది. ఆల్బమ్‌ల నుంచి పీకి తీసినందువల్ల చాలావాటికి మూలలు చిరిగి ఉన్నాయి.

అదే కాలపు మరో ఫొటోగ్రాఫర్, కలకత్తాలో పుట్టిన జూలియా మార్గరెట్ కామెరాన్ దారి వేరు. 1863లో, నలభై ఎనిమిదో ఏట, కూతురూ అల్లుడూ కెమెరా కానుకగా ఇస్తే, కోళ్లగూడును ఫొటోలు తీసే గాజు గదిగా మార్చుకుని ఇరుగుపొరుగు పిల్లలకు రెక్కలు తగిలించి దేవదూతలను చేసింది. నాకు మాత్రం ఆ రెక్కల కన్నా, 1864 జనవరిలో కోటు తొడుక్కున్న ఆనీ అనే పాపను దగ్గరగా, కాస్త మసగ్గా తీసిన ఫొటోయే ఇష్టం.

దుస్తుల సంగతీ చూడండి. ఆ పలకలకు నీలికాంతి బాగా అందేది, ఎరుపు దాదాపు అందేది కాదు. మన పిల్లను అప్పుడు తీసి ఉంటే నుదుటి కుంకుమ నల్లగా, నీలి పావడా తెల్లబారి వచ్చేవి.

ఇక ఆ చెయ్యి. ఇలాంటి ఫొటోలకు తరచుగా కోడిగుడ్డు ఆకారపు రంధ్రమున్న అట్ట బిగించేవారు; దానిలోంచి బిడ్డ మాత్రమే కనిపించేది, కప్పిన మనిషి అట్ట చాటున ఉండిపోయేది. మీ పుస్తకంలో అచ్చువేసింది బహుశా ఆ అట్ట తీసేసిన ఫొటో.